కుమార పర్వతం ఎక్కడం ఎలా: ఇద్దరే వెళ్లేవాళ్ల కోసం

కర్ణాటకలోని కుక్కే సుబ్రహ్మణ్య గుడికి సర్ప సంస్కారానికో, ఆశ్లేష బలికో మన తెలుగువాళ్లు ఏడాది పొడవునా వెళ్తూనే ఉంటారు. గుడి వెనకవైపు పడగ విప్పినట్టు కనిపించేది శేష పర్వతం. దాని వెనకాల ఉన్నదే కుమార పర్వతం. పుష్పగిరి అని కూడా అంటారు. ఎత్తు 1,712 మీటర్లు. తారకాసురుణ్ణి చంపాక కుమారస్వామి తన శక్తి ఆయుధాన్ని కుమారధారలో కడుక్కున్నాడని స్థలపురాణం. ఆ నది పుట్టేది ఈ కొండల్లోనే. ఈ అడవి పుష్పగిరి అభయారణ్యంలో భాగం. 2012లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాకెక్కిన పడమటి కనుమల ప్రాంతాల్లో ఇదీ ఒకటి.

దర్శనం అయిపోయాక "పైకి కూడా ఒకసారి ఎక్కొద్దామా?" అని ఇద్దరు స్నేహితులో, అన్నదమ్ములో, భార్యాభర్తలో అనుకోవడం మామూలే. ఈ గైడ్ అలాంటి ఇద్దరి కోసం. పది మంది బృందమైతే నడిపించే లీడర్ ఒకడుంటాడు. ఒంటరిగా వెళ్లేవాళ్లకు భయం ఉంటుంది కాబట్టి జాగ్రత్త కూడా ఉంటుంది. ఇద్దరుగా వెళ్లినప్పుడు ఈ రెండూ ఉండవు, "పక్కన వాడున్నాడుగా" అన్న ధీమా ఒక్కటే ఉంటుంది. తీరా ఒకరికి కాలు మడతపడితే రెండోవాళ్లు పక్కనే కూర్చోవాలా, సాయం కోసం కిందికి పరిగెత్తాలా? ముగ్గురుంటే ఈ చిక్కు రాదు. అందుకే కొండ గురించి ఎంత తెలుసుకుంటారో, ఇద్దరూ కలిసి ఏమేం అనుకోవాలో కూడా అంత తెలుసుకుని బయల్దేరాలి.

1. ముందు లెక్క వేసుకోండి

కుక్కే ఊరు సముద్ర మట్టానికి దాదాపు 120 మీటర్ల ఎత్తులో ఉంది. అంటే ఎక్కాల్సింది సుమారు 1,600 మీటర్లు, నడవాల్సింది ఒకవైపే 13 కిలోమీటర్ల దాకా. మనకు అర్థమయ్యేలా చెప్పాలంటే అలిపిరి నుంచి 3,550 మెట్లెక్కి తిరుమల చేరాక, ఆ కొండ మీద అలాంటి కొండే ఇంకొకటి ఉన్నట్టు. మెట్లు, షెడ్లు, మజ్జిగ దుకాణాలు మాత్రం ఉండవు.

ఎంత టైం పడుతుందో అంచనా వేయడానికి 1892లో విలియం నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు చెప్పిన సూత్రం ఒకటుంది. ప్రతి 5 కిలోమీటర్లకు గంట, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. ఆ ప్రకారం 13 కిలోమీటర్లకు రెండు గంటల 36 నిమిషాలు, 1,600 మీటర్ల ఎత్తుకు రెండు గంటల 40 నిమిషాలు, మొత్తం ఐదుంబావు గంటలు. అయితే అది చల్లటి దేశంలో, ఆగకుండా నడిచేవాళ్ల లెక్క. మన దగ్గర ఉక్కపోత, తడి వేర్లు, బరువు బ్యాగు, విశ్రాంతి అన్నీ కలిపితే ఆరున్నర నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. దిగడానికి ఐదారు గంటలు.

డిసెంబరులో అక్కడ ఆరున్నర దాటాక గానీ పూర్తిగా తెల్లారదు, సాయంత్రం ఆరు దాటితే చీకటి. దట్టమైన అడవి లోపల అంతకు అరగంట ముందే కళ్లు కనిపించవు. అంటే చేతిలో ఉండే వెలుతురు పదకొండున్నర గంటలు. కుక్కే నుంచి శిఖరానికి వెళ్లి అదే రోజు తిరిగి రావడం గట్టిగా నడిచేవాళ్లకే సాధ్యం, వాళ్లకైనా అంచు మీద నడకే. మొదటిసారి వెళ్తున్న ఇద్దరికి నేనైతే ఆ ప్లాన్ చెప్పను.

2. దారి, కాలం, అనుమతి

దారులు రెండు. కుక్కే వైపు దారి బాగా నిటారు, పొడుగు, కింద దట్టమైన అడవి. కొడగు జిల్లాలో సోమవారపేట వైపు నుంచి వెళ్లేది బీదహళ్లి దారి. ఇది ఆరేడు కిలోమీటర్లే, పైగా నడక మొదలయ్యే చోటే చాలా ఎత్తులో ఉంటుంది. ఒక్కరోజులో ముగించాలనుకునేవాళ్లు బీదహళ్లి నుంచి ఎక్కి అటే దిగడం మేలు. కుమారధార మీదున్న మల్లళ్లి జలపాతం కూడా అటువైపే ఉంది, వస్తూ చూసి రావచ్చు. అసలైన వర్షారణ్యం చూడాలని ఉంటే మాత్రం కుక్కే దారే.

సాధారణంగా అక్టోబరు నుంచి జనవరి దాకా ట్రెక్కింగ్‌కు అనుమతిస్తారు. వానాకాలంలో వాగులు, జలగలు, జారుడు. ఫిబ్రవరి తర్వాత గడ్డి ఎండి కార్చిచ్చు భయం. నా ఓటు నవంబరు రెండో సగం నుంచి డిసెంబరు చివరి దాకా. మార్గశిర శుద్ధ షష్ఠికి, అంటే చంపా షష్ఠికి, కుక్కేలో పెద్ద జాతర. ఆ నాలుగైదు రోజులు రూము దొరకడం కష్టం, తేదీ చూసుకుని ప్లాన్ చేసుకోండి.

అనుమతి కర్ణాటక అటవీ శాఖ ఆన్‌లైన్ బుకింగ్ ద్వారా తీసుకోవాలి. 2024 జనవరిలో సెలవుల రద్దీకి కొండ దారి జాతరలా కిక్కిరిసిపోయింది, ఆ తర్వాతే కట్టడి పెరిగింది. బుక్ చేసేటప్పుడు ఆ సీజన్ నియమాలు పూర్తిగా చదవండి. ఏ గేటు నుంచి ఏ గేటుకు అనుమతి, ఎన్ని గంటల లోపు లోపలికి వెళ్లాలి, రాత్రి బసకు వీలుందా అన్నవి ఏటా మారుతుంటాయి. కొండపైన టెంటు వేసుకోవచ్చని చెప్పే పాత వీడియోలు నమ్మొద్దు. ఇద్దరి ఒరిజినల్ గుర్తింపు కార్డులూ దగ్గర ఉంచుకోండి.

హైదరాబాదు, విజయవాడ, తిరుపతి నుంచి ఎవరైనా ముందు బెంగళూరు చేరడమే సులువు. అక్కడి నుంచి రాత్రి బస్సులున్నాయి. రైలైతే సుబ్రహ్మణ్య రోడ్ స్టేషన్‌లో దిగాలి, గుడికి అక్కడి నుంచి 12 కిలోమీటర్లు, జీపులు దొరుకుతాయి. రాత్రంతా బస్సులో కూర్చుని, పొద్దున దిగీ దిగగానే కొండెక్కడం మొదలుపెట్టే అలవాటు చాలామందికి ఉంది. వద్దు. ఒక పూట కుక్కేలో పడుకుని, దర్శనం చేసుకుని, మర్నాడు నడవండి.

3. బయల్దేరకముందే తేల్చుకోవాల్సిన నాలుగు మాటలు

నన్నడిగితే ఈ గైడ్ మొత్తంలో ముఖ్యమైన భాగం ఇదే. ఇంట్లో, టీ తాగుతూ మాట్లాడుకోండి. సగం కొండ ఎక్కాక, ఆయాసంలో, అహం అడ్డొస్తుండగా ఇవి తేలవు.

ఒకటి, నడక వేగం ఎవరిది? నెమ్మదిగా నడిచేవాళ్లదే. వాళ్లే ముందు నడవాలి. వేగంగా నడిచేవాళ్లు ముందుంటే ఏమవుతుందో చూడండి: ముందువాడు వంద గజాలు వెళ్లి ఆగి విశ్రాంతి తీసుకుంటాడు, వెనకవాడు రొప్పుతూ చేరేసరికి "సరే పద" అని లేస్తాడు. అలసిపోయినవాడికి విశ్రాంతి అనేదే దొరకదు. మూడు గంటలయ్యేసరికి మాటలు తగ్గుతాయి, ఆ తర్వాత విసుగు.

రెండు, ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలి? కుక్కే నుంచి అదే రోజు వెళ్లి రావాలనుకుంటే, మధ్యాహ్నం పన్నెండున్నరకు ఎక్కడుంటే అక్కడి నుంచి వెనక్కి. శిఖరం కళ్ల ముందు కనిపిస్తున్నా సరే. ఈ టైం ఇద్దరి ఫోన్లలోనూ అలారం పెట్టుకోండి. అప్పుడు ఆపింది అలారమే అవుతుంది, ఒకరినొకరు తప్పు పట్టుకోవాల్సిన పని ఉండదు.

మూడు, ఎవరైనా ఒకరు "ఇక చాలు" అంటే ఇద్దరూ దిగాలి. కారణం అడగకూడదు. "నువ్వు ఇక్కడే కూర్చో, నేను అలా వెళ్లి వచ్చేస్తా" అనే మాట ఈ కొండ మీద అసలు రాకూడదు. మంచు పట్టిన గడ్డిలో కూర్చోబెట్టిన చోటు మళ్లీ దొరకదు. దారి తప్పినవాళ్ల కోసం అటవీ సిబ్బంది, ఊరివాళ్లు వెతుక్కున్న సందర్భాలు ఇక్కడ ఉన్నాయి.

నాలుగు, ఎవరికేం జబ్బులున్నాయి? ఆస్తమా, షుగర్, బీపీ, పాత మోకాలి దెబ్బ, వేసుకునే మాత్రలు, పడని మందులు అన్నీ ఒకరికొకరు చెప్పుకోవాలి. దారిలో పరిచయమైన తోటి ప్రయాణికుడితో కలిసి ఎక్కుతుంటే ఇది మరీ ముఖ్యం. ఇంటి నంబర్లు ఒకరివి ఒకరు కాగితం మీద రాసి జేబులో పెట్టుకోండి.

4. ఒంటిని సిద్ధం చేసుకోవడం

కనీసం ఆరు వారాలు. వారానికి మూడు నాలుగు రోజులు మెట్లెక్కడం, దిగడం. అపార్ట్‌మెంట్‌లో ఒక అంతస్తు మూడు మీటర్లనుకుంటే ఈ కొండ 530 అంతస్తులు! అంతా ఇంట్లో ఎక్కక్కర్లేదు గానీ, ఆరేడు కిలోల బ్యాగుతో ఆగకుండా గంటసేపు ఎక్కి దిగగలిగితే చాలు. తిరుపతి దగ్గర్లో ఉన్నవాళ్లకు శ్రీవారి మెట్టు దారి బంగారం లాంటి ప్రాక్టీసు. 2,388 మెట్లు, నిటారుగా ఉంటుంది. దిగడం కూడా నడిచే దిగండి, తొడల కండరాలకు అసలు పరీక్ష అదే. ఇద్దరూ కనీసం ఒక్కసారైనా కలిసి ప్రాక్టీసు చేస్తే ఎవరి వేగం ఎంతో అక్కడే తెలిసిపోతుంది.

5. బ్యాగులో ఏముండాలి

బరువు పంచుకోండి గానీ ప్రాణావసరాలు పంచుకోవద్దు. నీళ్లన్నీ ఒకరి బ్యాగులో, తిండంతా ఇంకొకరి బ్యాగులో పెట్టుకుంటే, ఇద్దరూ విడిపోయిన పది నిమిషాల్లో ఇద్దరికీ ఇబ్బందే. ప్రతి ఒక్కరి దగ్గర మూడు లీటర్ల నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు నాలుగు, తలకు కట్టుకునే టార్చి, రెయిన్‌కోటు, విజిల్, ఒక పూట తిండి ఉండి తీరాలి. క్రేప్ బ్యాండేజ్, దూది, యాంటీసెప్టిక్, పెద్ద పవర్ బ్యాంక్ లాంటివి ఒక్కొక్కటి ఉంటే సరిపోతుంది.

నీళ్ల గురించి ఒక మాట. ఇక్కడ చెమట కారడమే గానీ ఆరడం ఉండదు. వట్టి నీళ్లు లీటర్ల కొద్దీ తాగి, ఉప్పు అందకపోతే తలనొప్పి, వికారం, నీరసం వస్తాయి. నీళ్లు తక్కువై అలా ఉందనుకుని ఇంకా తాగుతారు, పరిస్థితి ఇంకా పాడవుతుంది. రెండు సీసాల వట్టి నీళ్లకు ఒక సీసా ఓఆర్ఎస్ చొప్పున తాగండి.

తిండికి పులిహోరను మించింది లేదు. చింతపండు, నూనె ఉండటం వల్ల మధ్యాహ్నం దాకా పాడవదు, ఉప్పు ఉంటుంది, చల్లారినా తినబుద్ధవుతుంది. వెంట పల్లీ పట్టీలు, ఖర్జూరం. పెరుగన్నం మాత్రం ఆ ఉక్కకు పులిసిపోతుంది.

జీన్స్ వేసుకోకండి, తడిస్తే ఆరదు, మోకాలు మడవనివ్వదు. కాటన్ బనీను కూడా అంతే. జిమ్‌కు వేసుకునే సింథటిక్ టీషర్టు, తేలికైన ఫుల్ ప్యాంటు చాలు. బూట్లు అడుగున లోతైన గాడులున్నవి, ముందే నెల రోజులు వాడినవి అయ్యుండాలి. కాలిగోళ్లు రెండ్రోజుల ముందు కత్తిరించుకోండి, లేకపోతే దిగేటప్పుడు బొటనవేలి గోరు నల్లబడి ఊడుతుంది. ప్లాస్టిక్ ప్యాకెట్లు ఎంత తగ్గిస్తే అంత మంచిది, చెక్‌పోస్టులో బ్యాగులు విప్పి చూస్తారు.

6. కుక్కే దారిలో మొదటి ఘట్టం: అడవి

గుడి దాటి ఊరి చివర రోడ్డు ముగిసే చోట కాలిబాట మొదలవుతుంది. మొదటి పది నిమిషాలు "ఇంతేనా" అనిపిస్తుంది, తర్వాత మొదలవుతుంది అసలు ఎక్కుడు. పైన కొమ్మలు కమ్మేసి ఆకాశం కనిపించదు, గాలి ఆడదు, అరగంటకే చొక్కా పిండుకోవచ్చు. ఇక్కడ వేగం పెంచినవాళ్లే పైన కూలబడతారు. పక్కవాళ్లతో ఆగకుండా ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగేంత నెమ్మదిగా నడవండి. మాట మధ్యలో ఊపిరి తీయాల్సి వస్తే వేగం తగ్గించాలి. యాభై నిమిషాలు నడక, ఐదారు నిమిషాలు ఆగడం, అంతే. అంతకన్నా ఎక్కువ కూర్చుంటే కాళ్లు బిగుసుకుంటాయి.

దారి నిండా వేర్లే. వేరు మీద కాలు పెట్టొద్దు, దాటి అవతలి మట్టిలో పెట్టండి. దారికి అడ్డంగా ఉన్న వేరు కాస్త నయం, మెట్టులా పనికొస్తుంది. వాలు వెంట కిందికి పాకిన వేరు మాత్రం జారుతుంది. ఎందరో తొక్కి తొక్కి బెరడు పోయి మెరుస్తున్న వేరు కనిపిస్తే, అక్కడ చాలామంది పడ్డారనే లెక్క. ఆసరాకు చెట్టు పట్టుకునే ముందు చెయ్యి ఎక్కడ పెడుతున్నారో చూసుకోండి. ముళ్లున్న బెత్తం తీగలుంటాయి. ఆకుపచ్చగా, గోధుమ రంగులో, రకరకాలుగా ఉండే మలబార్ పిట్ వైపర్ కూడా కొమ్మ మీద కదలకుండా ఉంటుంది.

ఇద్దరి మధ్య దూరం ఎప్పుడూ కనుచూపు మేర దాటకూడదు. మలుపు వచ్చిన ప్రతిచోటా ఆగి వెనకవాళ్లు కనిపించాకే కదలాలి. విజిల్ గుర్తులు పెట్టుకోండి: ఒక్కసారి ఊదితే "ఎక్కడున్నావ్", రెండుసార్లు "ఇక్కడికి రా", మూడుసార్లు ప్రమాదం.

"బానే ఉన్నావా?" అని అడగొద్దు. ఎవరైనా "ఆఁ, బానే ఉన్నా" అనే అంటారు. "నీళ్లు ఎంత మిగిలాయి? ఆఖరిసారి ఒంటికి ఎప్పుడు వెళ్లావ్?" అని అడగండి. నాలుగు గంటలుగా మూత్రం రాలేదంటే, ఎంత నవ్వుతూ చెప్పినా ఆ మనిషి బాగోలేనట్టే.

జలగల సంగతి

అక్టోబరులో వెళ్తే జలగలు తప్పవు, నవంబరు తడిలోనూ ఉంటాయి. చెట్ల మీంచి పడతాయంటారు గానీ, ఎక్కువగా నేల మీది ఆకుల్లోంచే వస్తాయి. దగ్గరగా చూస్తే అగ్గిపుల్లంత సన్నటి జలగ తోక మీద నిలబడి, మన ఊపిరి, వేడి ఏ వైపునుంచి వస్తున్నాయో వెతుకుతూ ఊగుతుంటుంది. అందుకే ఆకుల్లో నిలబడి విశ్రాంతి తీసుకోవద్దు, ఎండ పడే బండ చూసి ఆగండి. ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకోండి.

పట్టుకుంటే కంగారుపడి లాగొద్దు. దాని సన్నటి కొస నోరు. ఆ కొస పక్కన చర్మం మీద గోరు ఆనించి పక్కకు నెట్టండి, పట్టు వదులుతుంది. వెంటనే రెండో కొస కూడా నెట్టి విదిలించాలి. లైటర్‌తో కాల్చడం, ఉప్పు పోయడం అందరూ చేసేదే గానీ, అప్పుడది కడుపులోది గాయంలోకి కక్కుతుంది, ఇన్ఫెక్షన్ రావచ్చు. జలగ ఉమ్మి నెత్తురు గడ్డకట్టనివ్వదు కాబట్టి గంట, రెండు గంటలు కారుతూనే ఉంటుంది. దూది పెట్టి గట్టిగా ఒత్తి టేపు వేస్తే చాలు. మెడ వెనక, మోకాలి వెనక మీకు కనిపించదు, ఆగిన ప్రతిసారీ ఒకరినొకరు చూసుకోండి.

7. రెండో ఘట్టం: భట్టర మనె నుంచి కల్లు మంటపం

మూడు గంటలు నడిచాక అడవి ఒక్కసారిగా వీడి గడ్డి మైదానం వస్తుంది. గిరిగద్దెలోని భట్టర మనె ఇక్కడే, ఏళ్ల తరబడి ఎక్కేవాళ్లకు అన్నం, సాంబారు, మజ్జిగ పెడుతున్న ఇల్లు. దగ్గర్లోనే అటవీ శాఖ చెక్‌పోస్టు. ఖాళీ అయిన సీసాలన్నీ ఇక్కడే నింపుకోండి. ఇంకా పైనున్న కల్లు మంటపం (కన్నడంలో కల్లు అంటే రాయి) దగ్గర చిన్న నీటి ఊట ఉంటుంది గానీ, సీజన్ చివర్లో దాన్ని నమ్ముకోలేం.

ఇక్కడే నిజాయితీగా మాట్లాడుకోవాలి. పదిన్నర దాటిపోయిందంటే ఆ రోజు శిఖరం మర్చిపోండి. కల్లు మంటపం దాకా వెళ్లి తిరిగొచ్చినా మంచి నడకే. అడవిలో ఉక్కపోతతో బాధపడితే, ఇక్కడి నుంచి ఎండ. టోపీ పెట్టుకోండి. ఏనుగులు తిరిగే ప్రాంతం ఇది, తాజా పేడ కనిపిస్తే ఇద్దరూ దగ్గరగా, మాట్లాడుకుంటూ నడవండి. చెక్‌పోస్టు సిబ్బంది గానీ, ఊరివాళ్లు గానీ "ఆనె ఇదె" అన్నారంటే ముందు ఏనుగు ఉందని. ఆ రోజుకు ఇక కదలొద్దు.

8. మూడో ఘట్టం: శేష పర్వతం దాటి శిఖరం

కల్లు మంటపం నుంచి శేష పర్వతం దాకా గట్టి ఎక్కుడు, ఒకవైపు లోయ. పొగమంచు నిమిషాల్లో కమ్ముకుంటుంది. ఆఫ్‌లైన్ మ్యాప్ ముందే దించుకుని, ఎక్కుతున్నంతసేపూ ట్రాక్ రికార్డ్ చేయండి. ఒకరి ఫోన్ మ్యాప్‌కు, ఇంకొకరిది ఫ్లైట్ మోడ్‌లో అత్యవసరానికి. ఫొటోల కోసం ఇద్దరూ ఇద్దరివీ ఖాళీ చేయొద్దు. సిగ్నల్ ఎలాగూ ఉండీ లేనట్టే.

శేష పర్వతం ఎక్కగానే శిఖరానికి వచ్చేశామనుకుంటారు చాలామంది. కాదు. అక్కడి నుంచి మళ్లీ కిందికి, పొట్టి చెట్ల షోలా అడవిలోకి దిగాలి. అది దాటాక నీళ్లు పారే నున్నటి బండ ఒకటి ఎక్కాలి. ఈ దారిలో ప్రమాదకరమైన చోటు ఇదే. నాచు పట్టిన నల్లటి చార వదిలేసి పొడిగా ఉన్న అంచున ఎక్కండి. ఒకరు పూర్తిగా పైకి చేరాకే రెండోవాళ్లు మొదలుపెట్టాలి. ఒకరి కింద ఒకరు ఎక్కుతుంటే పైవాళ్లు జారినప్పుడు ఇద్దరూ పడతారు. బండ తడిసి ఉంటే, ఇద్దరిలో ఒకరికి ధైర్యం చాలకపోతే, వెనక్కి తిరగండి. ఎక్కడం కంటే దాని మీద దిగడం కష్టం.

అక్టోబరు మధ్యాహ్నాల్లో ఉరుములుంటాయి. మెరుపుకీ ఉరుముకీ మధ్య ముప్ఫై సెకన్ల కన్నా తక్కువ ఉంటే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. గడ్డి కొండ అంచు మీద నిలబడకుండా వెంటనే దిగిపోవాలి, ఒంటరి చెట్టు కిందికి వెళ్లొద్దు.

9. దిగడం

కాళ్లు జారేది ఎక్కువగా ఇప్పుడే. కండరాలు అలసిపోయి ఉంటాయి, మనసు అప్పటికే ఊళ్లో కాఫీ తాగుతుంటుంది. దిగే ముందు లేసులు విప్పి చీలమండ దగ్గర బిగించి కట్టుకోండి, వేళ్లు ముందుకు గుద్దుకోవు. చిన్న అడుగులు వేయండి, మోకాలు కాస్త వంచి ఉంచండి. నిటారు చోట్ల పక్కకు తిరిగి దిగండి. కర్రలుంటే ఎక్కేటప్పటి కన్నా కాస్త పొడుగు పెంచుకోవాలి. ఇప్పుడు కూడా నెమ్మదైనవాళ్లే ముందు. అడవిలోకి వచ్చేసరికి వెలుతురు తగ్గుతుంటే, పూర్తిగా చీకటి పడకముందే టార్చి తలకు కట్టేసుకోండి.

10. అనుకోనిది జరిగితే

కాలు మడతపడితే బూటు విప్పొద్దు, వాపు వచ్చాక మళ్లీ పట్టదు. బూటు మీదే బ్యాండేజ్ చుట్టి, రెండు అడుగులైనా వేయగలరేమో చూడండి. వేయగలిగితే బ్యాగు రెండోవాళ్లకిచ్చి నెమ్మదిగా దిగండి.

పాము కరిస్తే గాయం కోయొద్దు, పీల్చొద్దు, గట్టిగా కట్టొద్దు. ఉంగరాలు, వాచీ తీసేసి, కరిచిన భాగం కదలకుండా కర్ర కట్టి, కరిచిన టైం రాసుకోండి. నడిపించకుండా మోయించడం మేలు.

నడవలేని పరిస్థితైతే మొదటి గంట ఇద్దరూ కలిసే ఉండండి. విజిల్ ఊదండి, సిగ్నల్ ఉంటే 112కు ఫోన్ చేయండి, సీజన్‌లో వెనకాల ఎవరో ఒకరు వస్తారు. ఎవరూ రాకపోతేనే, వెలుతురు ఉంటేనే, ఒకరు చెక్‌పోస్టుకు దిగాలి. వెళ్లే ముందు ఉన్నవాళ్లకు పొడి బట్టలు, నీళ్లు, తిండి, టార్చి ఇచ్చి, ఆ చోటు మ్యాప్‌లో గుర్తు పెట్టి, స్క్రీన్‌షాట్ తీసుకోండి. చీకటి పడిపోతే ఇద్దరూ ఉన్నచోటే ఉండాలి. కిందికి చేరాక పెద్ద ఆసుపత్రి కావాలంటే సుళ్య గానీ, పుత్తూరు గానీ వెళ్లాలి. మంగళూరు వంద కిలోమీటర్ల దూరం.

అంతా సవ్యంగా ముగిస్తే, ఊళ్లోకి రాగానే గేటు దగ్గర తిరిగొచ్చినట్టు చెప్పండి, లేకపోతే రాత్రి సిబ్బంది మీ కోసం వెతకాల్సి వస్తుంది. రూములో బూట్లు, సాక్సులు బయటే విప్పి దులపండి, బ్యాగు పట్టీల మడతల్లో కూడా చూడండి, ఒకటో రెండో జలగలు అక్కడ దాక్కుని ఉంటాయి. మర్నాడు మెట్లు దిగడం కష్టంగా ఉంటుంది కాబట్టి, తిరుగు ప్రయాణం బెర్తు కింద బెర్తే బుక్ చేసుకోండి.